కాల్‌బుక్కులో ఊదారంగు మరక

పదకొండూ ఇరవైకి గోపాలరావు రెండో అబద్ధం ఆడాడు.

మొదటిది పదకొండూ పదికే అయిపోయింది. "ఉప్పలయ్యా? ఆయనెవరండీ, గుర్తు రావడం లేదే," అన్నాడు తలుపు తీస్తూనే. డిటెక్టివ్ నీరజ దాన్ని మనసులో పెట్టుకోలేదు. ఇరవై ఏళ్ళుగా జనాన్ని ప్రశ్నలడిగి బతుకుతున్న మనిషి ఆమె. గుమ్మంలో ఆడే అబద్ధం భయంతో ఆడేదనీ, కుర్చీలో కూర్చున్నాక ఆడేది ఏదో దాచడానికనీ ఆమెకు తెలుసు.

"కాల్‌బుక్కులన్నీ ఎప్పుడో తుక్కు కింద అమ్మేశారమ్మా. డెబ్బై అయిదులోనో, ఆరులోనో. ఒక్కటీ మిగల్లేదు."

అలా అంటూ గోపాలరావు గోడ వారనున్న చెక్క బీరువా వైపు చూశాడు. చూడకుండా ఉండాల్సింది పాపం. డెబ్బై తొమ్మిదేళ్ళ వయసులో అబద్ధమాడటం కూడా ఓపిక ఉంటేనే అయ్యే పని.

ఉప్పల్‌లో ఆయన ఇంటి ముందుగది అది. రైల్వేలో కాల్‌మన్‌గా చేరి గుమాస్తాగా రిటైరైన మనిషి. ఆవిరి ఇంజన్ల రోజుల్లో డ్రైవర్లూ ఫైర్‌మన్లూ గడియారం చూసుకుని డ్యూటీకి పోయేవాళ్ళు కారు. బండి ఎప్పుడు సిద్ధమైతే అప్పుడు షెడ్డు నుంచి కాల్‌మన్ సైకిలేసుకుని ఇంటికి వచ్చి, పుస్తకం చేతికిచ్చి, సంతకం పెట్టించుకుని పోయేవాడు. అదే కాల్‌బుక్కు. అందులో సంతకం పడిందంటే మనిషి ఇంట్లో ఉన్నట్టే. నీరజ తండ్రి కూడా డ్రైవరే. ఆ పుస్తకం కోసం గుమ్మందాకా పరుగెత్తిన రోజులు ఆమెకూ ఉన్నాయి.

"అంకుల్," అంది నీరజ మెల్లగా. "ఉప్పలయ్య కాక నాచారం దవాఖానల ఉన్నడు. ఆక్సిజన్ మీద. డాక్టర్లు రెండు మూడు రోజులే అన్నరు. ఇయ్యాల నాలుగు గంటలకు ఆయన ఫైలు మూసేస్తరు. మూసేస్తే మళ్ళ తెరిచేది లేదు. మీరొక్కరే మిగిలిన్రు."

ముసలాయన చొక్కా గుండీ ఒకటి పెట్టి, తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

ఆ ఫైలులో ఉన్నది చెప్పుకోవాలంటే నాలుగు ముక్కలే. యుద్ధమొస్తే రైల్వేవాళ్ళకే ఖాకీ తొడిగి, సరిహద్దు దాకా బండ్లు నడిపించే దళం ఒకటుండేది. డెబ్బై ఒకటిలో ఫైర్‌మన్ ఉప్పలయ్య అందులో వెళ్ళాడు. డిసెంబరు నాలుగున రాజస్థాన్‌లో ఒక స్టేషన్ దగ్గర మందుగుండు బండి మీద విమానాలు బాంబులేశాయి. ఇంజన్ మీద ముగ్గురు. డ్రైవరు అక్కడికక్కడే పోయాడు. రెండో ఫైర్‌మన్ పాండురంగ కోటు కాలిపోయి పట్టాల పక్కన దొరికింది, మనిషి దొరకలేదు, అతన్నీ చనిపోయినవాళ్ళలో రాశారు. మూడోవాడు ఉప్పలయ్య. అతని పేరు ముందు మాత్రం, నాలుగో తారీకు నుంచి పదిహేడు దాకా, "విధుల నుంచి పారిపోయాడు" అని ఉంది.

తను పారిపోలేదంటాడు ఉప్పలయ్య. బండిని మంటల్లోంచి బయటికి నడిపి స్పృహ తప్పి పడిపోతే ఎవరో పల్లెటూరివాళ్ళు ఒక చిన్న ఆసుపత్రికి మోసుకుపోయారంటాడు. ముఖమంతా కట్లు, పదమూడు రోజులు నోరు పెగల్లేదట. ఆ ఆసుపత్రీ ఇప్పుడు లేదు, దాని కాగితాలూ లేవు. ఉన్నదల్లా కాల్‌బుక్కులో మూడు సంతకాలు: డిసెంబరు ఎనిమిది, పది, పన్నెండు. ఆ మూడు రోజులూ ఉప్పలయ్య హైదరాబాదులో తన క్వార్టర్లోనే ఉన్నాడని అవి చెప్తున్నాయి. ఆ "పారిపోయాడు" అన్న మాటను చెరిపించమని అర్జీ పెట్టింది ఉప్పలయ్య కాదు, కూతురు హరిణి. నీరజను పెట్టుకున్నదీ ఆమే. తండ్రి మాత్రం "పోనీయి బిడ్డా" అంటూ వచ్చాడు.

"ఈ ఫొటో ఎక్కడిది అంకుల్?" నీరజ మాట మార్చింది.

గోడ మీద పాత ఫొటో. క్యారమ్ బోర్డుకు అటూ ఇటూ కుర్రాళ్ళు. గోపాలరావు ముఖం కాస్త తేటపడింది. "రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లోదమ్మా, డెబ్బైలో కప్పు కొట్టాం. ఇది నేను. స్ట్రైకర్ కొడుతున్నవాడు పాండురంగ, నా పార్ట్‌నర్. ఉప్పలయ్య భార్యకి అన్న. బంగారంలాంటి కుర్రాడు. యుద్ధంలో పోయాడు. మా రైల్వే కాలనీ మొదట్లో అమరుడని రాయి వేశారు చూడండి, అది వాడిదే."

ఉప్పలయ్య ఎవరో గుర్తు లేదన్న పెద్దమనిషికి ఉప్పలయ్య బావ ఎవరో బాగానే గుర్తుంది. నీరజ నవ్వలేదు. ఫొటోను ఫోనులోకి తీసుకుంది.

"ఆ రాయి కాడ ఏటా డిసెంబర్ల ఉప్పలయ్య కాక దండ పట్టుకొని నిలబడుతడు. మీరు సూసే ఉంటరు. అమరుడి పక్కన పారిపోయినోడు అని పిల్లలు గుసగుసలాడుతరు. మీ మాట మీదనే గదా అంకుల్ ఆయనకు ఆ పేరొచ్చింది?"

గోపాలరావు లేచాడు. బీరువా తీసి, చీరల కింద నుంచి అట్ట ఊడిపోయిన పొడుగాటి పుస్తకం ఒకటి తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాడు. "తుక్కులో వేయమన్నారు. చేతులు రాలేదు. మా ఆవిడ పోయేదాకా ఇదేమిటని అడుగుతూనే ఉండేది, చెప్పలేదు."

మూడు పేజీలు. వచ్చిన వేళ, సంతకం పడిన వేళ విడివిడిగా ఉన్నాయి. నీరజ తక్కిన ఫైర్‌మన్ల వరసలు ముందు చూసింది. రెండు నిమిషాలు, మూడు నిమిషాలు. ఉప్పలయ్య వరసలో మాత్రం, ఎనిమిదిన మధ్యాహ్నం రెండూ పదికి పిలుపు, రెండూ ముప్పై అయిదుకి సంతకం. పదిన ఇరవై రెండు నిమిషాలు. పన్నెండున ముప్పై.

"ఒక్క సంతకానికి అర్ధగంట ఏంది అంకుల్?"

"నాకేం తెలుసమ్మా? నేను గుమ్మం దాటలేదు. దాటకూడదు. డ్యూటీ దిగొచ్చిన మనిషి నిద్రలో ఉంటాడని పుస్తకం ఆడవాళ్ళ చేతికే ఇస్తాం. వాళ్ళే లోపలికి పట్టుకెళ్ళి తెస్తారు. ఉప్పలయ్య ఇంటికొచ్చాడు, ఎవరో చూశారు అని షెడ్డంతా గుసగుస. అసలే మనుషుల్లేరు, పోయి పిలవమన్నాడు డ్యూటీలు వేసే రోస్టరు గుమాస్తా. ఉప్పలయ్య భార్య సూర్యకళమ్మ పుస్తకం తీసుకుని తలుపు వేసుకుంది. లోపల మగ దగ్గు వినిపించింది. సంతకం పెట్టించి తెచ్చింది, ఒంట్లో బాగాలేదు డ్యూటీకి రాలేడంది."

"ముఖం సూసిన్రా?"

"లేదు."

"సూసినట్టు చెప్పిన్రు విచారణల."

"'మనిషి ఉన్నాడా' అని అడిగారమ్మా. 'ఉన్నాడండి' అన్నాను. అంతే అన్నాను." గోపాలరావు కళ్ళజోడు తీసేశాడు. "ఇంటికొచ్చి అన్నం తిన్నాను కూడాను."

నీరజ పేజీని కిటికీ వెలుతురుకు పెట్టింది. అప్పట్లో కాపీయింగ్ పెన్సిలుతో రాసేవాళ్ళు. మొనను నాలుకతో తడిపి రాస్తే ఊదారంగు సిరాలా పడుతుంది, చెరపరాదు. మూడు సంతకాల మీదా ఊదారంగు ఎడమ నుంచి కుడికి అలుక్కుపోయి ఉంది. ఆ పేజీల మీద ఇంకెవరి సంతకానికీ అలా లేదు. తడిగా ఉన్న అక్షరాల మీద రాసే చెయ్యే పాకితే పడే మరక అది. కుడిచేతివాడి చెయ్యి అక్షరాలకు ముందు పోతుంది, వాటి మీదికి రాదు. ఉప్పలయ్యది కుడిచేతి వాటమని ఆమెకు తెలుసు.

పుస్తకం తీసుకుని లేస్తుంటే గోపాలరావు అడిగాడు. "ఆయన నన్ను తిట్టుకుంటాడామ్మా?"

"ఎన్నడూ మీ పేరెత్తలే అంకుల్," అంది నీరజ. అది నిజం. నిజమైనందుకే ముసలాయన ఇంకా కుంగిపోయాడు.

పన్నెండూ నలభైకి ఆమె స్కూటీ నాచారం దాటి, పాత రైల్వే క్వార్టర్ల వరస ముందు ఆగింది. సగం ఇళ్ళు అప్పటికే కూల్చేశారు. ఉప్పలయ్య వాళ్ళు ఒకప్పుడున్న ఇల్లు వరసలో చివరిది, ఇంకా నిలబడి ఉంది. దాని గుమ్మంలో నిలబడి ఫొటోలు తీయిస్తున్నాడు లక్ష్మీకాంత్.

పోలీసుశాఖలో సీఐగా చేసి రిటైరై, ఇప్పుడు రికార్డుల ఆఫీసు తరఫున ఇలాంటి విచారణలు చేస్తున్నాడు. కిందటేడు ఒక కేసులో నీరజ అతని రిపోర్టును తలకిందులు చేసింది. అప్పటి నుంచి ఆమె కనబడితే అతనికి పంటి కింద రాయి పడ్డట్టుంటుంది.

"రాండ్రి మేడం. మీరొస్తరనే ఫొటోలు జల్ది తీయిస్తున్న," అన్నాడు. "నాలుగింటికి రిపోర్టు ఇస్తున్న. మూడు సంతకాలు, ఒక సాక్షి. మనిషి ఈ ఇంట్లనే ఉన్నడు. ఇంకేం గావాలె?"

"సాక్షి ముఖం సూడలే. దగ్గు ఇన్నడు, గంతే."

"అప్పుడు ఉన్నడన్నడు, ఇప్పుడు సూడలే అంటడు. మీరు ఇంకో గంట కూసుండి ఏడిపిస్తే అసలు సైకిలే లేదంటడు."

నీరజ పుస్తకం తెరిచి చూపించింది. లక్ష్మీకాంత్ తన ఫైలులోని నలుపు తెలుపు నకలు పక్కన పెట్టుకుని చూశాడు. నకలులో ఆ మరకలు మసిలా ఉన్నాయి. ఇన్నాళ్ళూ అతను దాన్ని నకలు తీసినవాడి నిర్వాకం అనుకున్నాడు.

"ఎడమచేతివాడు పెట్టిండు సార్ ఈ సంతకాలు. ఉప్పలయ్య కాదు."

"కాకపోతే ఇంకెవడో. పేరు చెప్పున్రి."

"ముందు మీరొకటి చెప్పున్రి. డ్రైవరు సచ్చిపోయినంక కూడా ఆ బండి తొమ్మిది మైళ్ళు పోయి ఆగింది. మీ ఫైల్లనే ఉన్నది. ఎవరు నడిపిన్రు?"

"'గుర్తు తెలియని సిబ్బంది' అని ఉన్నది."

"ఇంజన్ మీద ముగ్గురే ఉన్నరు. డ్రైవరు పోయిండు. పాండురంగ పోయిండని రాసిన్రు. ముగ్గురిల ఇద్దరు పోతే మిగిలేది ఎవరు సార్?"

"లెక్కలు బడిల చెప్పుకోండ్రి," అన్నాడు లక్ష్మీకాంత్. కానీ గొంతులో ఇందాకటి ఎగతాళి తగ్గింది.

నీరజ లోపలికి నడిచింది. రెండు గదులు, వెనక చిన్న పెరడు, పెరట్లో నడుమెత్తు ఇటుకల తొట్టి. రైల్వేవాళ్ళకు ఇచ్చే బొగ్గు వేసుకోవడానికి ప్రతి క్వార్టరుకూ అలాంటిది కట్టారు. పక్కింటి తొట్టికి పైన మూత, కింద బొగ్గు లాక్కునే నోరు ఉన్నాయి. ఈ ఇంటి తొట్టికి రెండూ లేవు. నోరు ఇటుకలతో పూడ్చి, పైన గచ్చు చేసి ఉంది.

హరిణి మాటల్లో మాటగా చెప్పినవి రెండు నీరజకు గుర్తొచ్చాయి. ఉప్పలయ్య డ్రైవరయ్యాక పెద్ద క్వార్టరు వచ్చినా, రిటైరయ్యేదాకా తల్లి ఈ ఇల్లు కదలనివ్వలేదట. బొగ్గుబస్తా ఎప్పుడూ ముందు వరండాలోనే ఉండేదట, ఆడుకునేటప్పుడు గౌన్లు మసి అయ్యేవని హరిణి నవ్వుతూ చెప్పింది. తొట్టి ఉండగా వరండాలో బొగ్గెందుకు? ఆ ప్రశ్న వేసుకోగానే నీరజ వంగి తొట్టి మీది గచ్చును వేలితో తట్టి చూసింది.

"దీన్ని పగలగొట్టించున్రి సార్."

"ఎందుకు?"

"మీరు సీఐగా ఉన్నప్పుడు ఎందుకని అడగకపోతుంటిరి."

లక్ష్మీకాంత్ ఆమెను ఒక క్షణం చూసి, కూల్చివేత మేస్త్రీని కేకేశాడు. గడ్డపార పన్నెండు దెబ్బలకు గచ్చు విరిగింది. కింద బూడిద, బొగ్గురవ్వ. దాని కింద చీకిపోయిన జంపఖానా. ఒకటీ ఇరవై అయిదుకి మేస్త్రీ గడ్డపార కింద పడేసి వెనక్కి జరిగాడు.

మనిషి ఎముకలు. బోర్లా పడుకోబెట్టారు. మెడ దగ్గర దళంలో ఇచ్చే గుర్తింపు బిళ్ళ. లక్ష్మీకాంత్ జేబురుమాలుతో తుడిచి చదివి, మళ్ళీ ఒకసారి చదివాడు.

"పాండురంగ," అన్నాడు చివరికి. "రాయి మీద ఉన్న పాండురంగ."

చేతి ఎముకల దగ్గర ఇంకో గుండ్రటి బిళ్ళ ఉంది, తెల్లగా, రూపాయి కన్నా పెద్దది. లక్ష్మీకాంత్ అదేమిటో గుర్తుపట్టలేదు. నీరజ ఫోను తీసి గోపాలరావు ఇంటి ఫొటో చూసింది. పాండురంగ స్ట్రైకర్ కొడుతున్నది ఎడమచేత్తో. ఆ స్ట్రైకర్‌నే అతని పక్కన పెట్టి పడుకోబెట్టారు.

లక్ష్మీకాంత్‌కు మాత్రం దారి దొరికింది. "పారిపోయినోని ఇంట్ల అమరుడి శవం. సంతకం ఎవడు పెడితే నాకేంది మేడం? మీరు తప్పించాలనుకున్నది పారిపోయిండన్న మాట. ఇప్పుడు హత్య అయింది. థాంక్స్."

"సంపినోడు స్ట్రైకర్ పక్కన పెట్టి పాతిపెడ్తడా సార్?"

"ఆ ముచ్చట ఆయన్నే అడుగుత," అన్నాడు లక్ష్మీకాంత్. స్టేషనుకు ఫోను చేసి, మేస్త్రీని అక్కడే కాపలా పెట్టి కారెక్కాడు.

కారు మెయిన్ రోడ్డు మీదుగా పోవాలి. నీరజ స్కూటీ సందుల్లోంచి పోయింది. రెండు గంటలకు అయిదు నిమిషాల ముందే ఆమె ఆసుపత్రి రెండో అంతస్తులో ఉంది. హరిణి మందులకు కిందికి పోయినట్టుంది, వరండా బెంచీ మీద సూర్యకళ ఒక్కతే కూర్చుని ఉంది. డెబ్బై మూడేళ్ళ మనిషి, బక్కపలచగా, ఒళ్ళో టిఫిను డబ్బా పట్టుకుని.

"అమ్మా, బొగ్గుతొట్టి తీసిన్రు," అంది నీరజ పక్కన కూర్చుని.

సూర్యకళ ఉలిక్కిపడలేదు. డబ్బా మూత ఒకసారి తీసి, మళ్ళీ నొక్కి పెట్టింది. "ఎవలు సూసిన్రు?"

"లక్ష్మీకాంత్ సార్. వస్తున్నడు. కాకనే సంపిండంటున్నడు. పది నిమిషాలే ఉన్నయి అమ్మా. నాకు చెప్పు."

"ఆయనకేం తెల్వదు బిడ్డా. నీ కాళ్ళు మొక్కుత, ఆయనకు చెప్పకు." ఆమె గొంతు చాలా నెమ్మదిగా ఉంది. "ఎనిమిదో తారీకు తెల్లారి అన్న వచ్చిండు. వీపంతా కాలి బొబ్బలు. 'నేను దునికిన చెల్లె, ఉప్పలయ్య దునకలే' అన్నడు. ఇంకేం అడిగినా ఏడ్సుడే. గదే మధ్యాహ్నం పుస్తకం వచ్చింది. సంతకం లేకపోతే గోపాలరావు లోపలికొచ్చి సూస్తడని భయమైంది. నాకా, రాయరాదు. అన్న బోర్ల పండుకొని, నొప్పికి ఆగుకుంట ఆగుకుంట పెట్టిండు. అక్షరం అక్షరానికి పెన్సిలు ఇడిసిపెట్టేటోడు."

"దవాఖానకు?"

"తీస్కపోతే పట్టుకపోయి కాల్సి సంపుతరన్నడు. పదమూడో తారీకు పానం పోయింది. నాకు పంతొమ్మిదేండ్లు బిడ్డా. ఒక్కదాన్ని. తొట్టిల బొగ్గంత తీసేసి..." ఆమె ఆగింది. నీరజ ఆమె చెయ్యి పట్టుకుంది. "పదిహేనో తారీకు మా అమ్మ ఊరి నుంచి వచ్చింది. చేతుల టెలిగ్రాం. 'నీ అన్న బాంబుకు ఎదురు నిలిచి పోయిండే' అని నన్ను పట్టుకొని ఏడ్సింది. పెరట్ల నిలబడి ఏడ్సింది బిడ్డా, తొట్టికి ఆనుకొని. గప్పుడు నేనేం చెప్పాలె?"

నీరజ ఆమెకు ఇంకాస్త దగ్గరగా జరిగింది.

"నెలాఖరుకు ఈయన వచ్చిండు, మూతికి కట్లతోని. 'మీ అన్న నా పక్కనే ఉన్నడు సూర్యా, ఆఖరిదాక బొగ్గేసిండు' అన్నడు. నా కోసం గంత మంచి అబద్ధం తెచ్చిండు. అబద్ధమని నాకెట్ల తెల్సు అంటే ఏం చెప్పాలె? నోరు మూసుకున్న. ఎన్కనే ఈయన మీద మచ్చ పడ్డది. ఇయ్యాల చెప్త, రేపు చెప్త అనుకున్న. అమ్మ ఉన్నన్ని రోజులు అమ్మ కోసం. అమ్మ పోయినంక, ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదే అంటడని."

మెట్ల మీద బూట్ల చప్పుడైంది. లక్ష్మీకాంత్ ఇద్దరినీ చూసి, ఆగకుండా గదిలోకి నడిచాడు. వాళ్ళూ వెనకే వెళ్ళారు.

ఉప్పలయ్య మేలుకునే ఉన్నాడు. ముక్కుకు గొట్టం, ఎడమ చెంప మీద పాత కాలిన మచ్చ. పలకరించడానికి చెయ్యి ఎత్తబోయి మానేశాడు.

"పెద్దాయనా," అన్నాడు లక్ష్మీకాంత్. "మీ బావ పాండురంగ దొరికిండు."

అంతకు మించి అతను ఒక్క మాట అనలేదు. ఎక్కడో చెప్పలేదు, ఎలాగో చెప్పలేదు. ఉప్పలయ్య కళ్ళు అతన్ని దాటి భార్య మీదికి పోయాయి.

"బొగ్గుతొట్టి తవ్విన్రా?" అన్నాడు.

సూర్యకళ చేతిలోంచి టిఫిను డబ్బా జారి కింద పడింది. అన్నం నేలంతా పరుచుకుంది. ఆమె వంగలేదు, దాని వైపు చూడలేదు కూడా. ఆయనకేం తెలియదని ఆమె యాభై నాలుగేళ్ళు నమ్మింది. ఆ ఇంట్లో తను లేనప్పుడు తన పేరున ఎవరో సంతకం పెట్టారని విన్న రోజే ఆయనకు అర్థమై ఉంటుందని, ఇంజన్ మీది నుంచి దూకినవాణ్ణి కళ్ళారా చూసిన మనిషికి ఆ ఎవరో ఎవరన్నది ఇంకొకరు చెప్పక్కర్లేదని నీరజకు ఇప్పుడు తట్టింది. పెద్ద క్వార్టరు వద్దని భార్య అంటే ఎందుకని ఆయన ఒక్కసారి కూడా అడగలేదు. ఇద్దరూ ఒకే గోడకు అటొకరు ఇటొకరు కాపలా కాశారు.

"మీకెట్ల తెల్సు?" అన్నాడు లక్ష్మీకాంత్, పెన్ను తీస్తూ.

"నేనే సంపిన గనక తెల్సు," అన్నాడు ఉప్పలయ్య.

"కాకా!" అంది నీరజ.

"నువ్వు ఊకో బిడ్డా." ఊపిరి కోసం ఆగి, ఒక్కో ముక్కా కూడదీసుకుంటూ చెప్పాడు. "రాసుకో సారూ. బాంబులు పడంగనే నేను దునికి పారిపోయి వచ్చిన. పుస్తకంల ఉన్నది గదా. బండి నడిపింది మా బావ. నడిపి, నన్ను ఎనకకు తీస్కపోతందుకు ఇంటికొచ్చిండు. పోదాం పా అన్నడు. నేను పోనన్న. కొట్టుకున్నం. ఆఖరి సంతకమైన తెల్లారి. ఆడిదానికేం తెల్వదు, ఊళ్ళె ఉన్నది. రాయి మీద పేరు సక్కగనే ఉన్నది, దాన్ని ముట్టుకోకున్రి."

నీరజకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. పొద్దుటి నుంచి ఊదారంగు మరకలు పోగేసి ఆమె నిలబెట్టిన ఆ పద్నాలుగు రోజుల నిజాన్ని ఆ మనిషి ఒక్క నిమిషంలో తన చేత్తోనే మళ్ళీ చెరిపేసుకుంటున్నాడు.

"అబద్ధం సార్. ఆ సంతకాలు..."

"నిందితుడే ఒప్పుకుంటుండు మేడం," అన్నాడు లక్ష్మీకాంత్. కానీ గెలిచినవాడి గొంతులా లేదు. కాగితం మీద గబగబా రాసి, చదివి వినిపించి, మంచం మీద పెట్టాడు. "సంతకం పెట్టున్రి."

ఉప్పలయ్య కుడిచెయ్యి దుప్పట్లోంచి బయటికి వచ్చింది. పెన్ను పట్టుకుంది. అది కాగితం మీదికి దిగుతుంటే, సూర్యకళ అన్నం మెతుకుల్లోంచి నడిచి వచ్చి ఆ చేతిని రెండు చేతులతో పట్టేసింది.

"వద్దు," అంది.

"సూర్యా, ఇడువు."

"ఎన్నేండ్లు మోస్తవు? సాలు." ఆమె పెన్ను ఆయన వేళ్ళలోంచి తీసి లక్ష్మీకాంత్ చేతిలో పెట్టింది. "నా అన్న పారిపోయి వచ్చిండు సారూ. ఈయన రాలే. బండి నడిపింది ఈయన. అన్న కాలిన పుండ్లతోని నా ఒళ్ళె సచ్చిపోయిండు, నేనే తొట్టిల పెట్టిన. రాయి తీసేస్తే తీసేయిన్రి."

పారిపోయి వచ్చాడన్న మాటను అన్న గురించి ఆమె నోటితో అనడం అదే మొదలు. అన్నాక ఆమె మంచం కోడు పట్టుకుని నేల మీద కూలబడింది. నీరజ పరుగున పోయి పట్టుకుంది.

ఉప్పలయ్య ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. పారిపోయాడని రాసినప్పుడు ఒక్క చుక్క రాల్చలేదని దళంలో చెప్పుకున్న మనిషి, పారిపోలేదని భార్య చెప్తుంటే వెక్కి వెక్కి ఏడ్చాడు. గొట్టం కదిలి ఊపిరి ఆడక ఎగపోస్తుంటే నర్సు వచ్చి సరిచేసి, అందరి మీదా కోప్పడి పోయింది.

లక్ష్మీకాంత్ గడియారం చూసుకున్నాడు. రెండూ ముప్పై అయిదు. రిపోర్టుకు ఇంకా గంటన్నర లోపే. సంతకం పడని ఆ కాగితాన్ని కాసేపు చేతిలో పట్టుకుని, వెనక్కి తిప్పి, ఖాళీగా ఉన్న వైపు మోకాలి మీద పరుచుకున్నాడు.

"ఎనిమిదో తారీకు నుంచి మొదలుపెట్టు అమ్మా," అన్నాడు. "మెల్లగ చెప్పు. మేడం, ఆ పుస్తకం ఇటియ్యిన్రి."